కత్తిపీట అని చెప్పు

ఎడమ చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలని నిన్న కట్టు కట్టినాయన చెప్పాడు కాబట్టి కనకం దాన్ని అలాగే ఎత్తిపట్టుకుని కూర్చుంది, ఎవరినో ఆగమంటున్నట్టు, రైల్వే ఆసుపత్రి వరండాలో ఇనుప బెంచీ మీద, కుడి చేతిలో ఇరవై ఏడో నంబరు చీటీ నలుపుతూ. లోపలికి ఇప్పుడే పద్దెనిమిదో నంబరు వెళ్లింది. ఇంకా ఎనిమిది మంది, తలా ఆరేడు నిమిషాలన్నా ఇంచుమించు గంట. గంటసేపు ఈ చెయ్యి ఇలాగే కొట్టుకుంటుంది, లోపల ఎవరో కూర్చుని రోకలితో దంచుతున్నట్టు, దంచి కాస్త ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ దంచుతున్నట్టు. మధ్యవేలైతే ఉబ్బిపోయి, సగం మడత మీద అలాగే ఉండిపోయింది, దాన్ని ఎవరైనా చాపబోతే చాలు ప్రాణం మోచేతి దాకా లాక్కుపోతోంది. పక్కన ఆమె మొగుడు సన్యాసిరావు, ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద గ్యాంగులో పనిచేసి ఆ గ్యాంగుకే పెద్ద, మేటు, అయినవాడు, ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరయ్యేవాడు, మెడికల్ కార్డు మోకాళ్ల మీద పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, ఎదురు గోడకేసి చూస్తూనే, పెదాలు కదిపీ కదపకుండా, పొద్దుటి నుంచి మూడోసారి అన్నాడు.

"గుర్తుందా ఒలే. కత్తిపీట."

గుర్తుండకేం. కత్తిపీట, ఇంట్లో, కాకరకాయ తరుగుతుంటే జారింది. ఎంత ముచ్చటగా అల్లాడో. కాకరకాయ కూడా తనే కలిపాడు, నమ్మేలా ఉండాలని. క్వార్టర్లో కత్తిపీట ఉన్న మాట నిజమే, పెళ్లయిన కొత్తలో ఆమె తల్లి శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది, దాని మొహం చూసి ఎన్నాళ్లయిందో. నాలుగున్నరకి లేచి పప్పులో ఏదో పడేసి లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్క కూరమడికి పరిగెత్తే మనిషికి కాకరకాయలు చక్రాల్లా తరుక్కుంటూ కూర్చునే తీరిక ఎక్కడిది. తెగింది కత్తిపీట మీద కాదు. సోమవారం పొద్దున తోటకూర మడిలో తెగింది, ఇక్కడివాళ్లు లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర. ఎడమ చేత్తో గుప్పెడు పట్టుకోవడం, కుడి చేత్తో కొడవలి లాగడం, పట్టుకోవడం, లాగడం, ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనికి కళ్లతో అవసరం లేదు, ఆ నిమిషంలో ఆమె కళ్లు లైను మీద పోతున్న బొగ్గుబండి మీద ఉన్నాయి కూడా. అంతలో కుడి చేతి చూపుడువేలు మడతపడిపోయింది. అది రెండేళ్లుగా ఉన్నదే. పిడికిలి బిగిస్తే ఆ వేలు తిరిగి తెరుచుకోదు, రెండో చేత్తో పట్టి లాగితే తుప్పు పట్టిన గొళ్లెంలాగ టక్కుమని వస్తుంది, పొద్దున్న పూట మరీను. అలా మడతపడ్డ వేలు కొడవలి పిడిని వదల్లేదు, మణికట్టు తిరగాల్సినంత తిరగలేదు, కొడవలి కొస కాడలు దాటుకుని వచ్చి ఎడమ అరచేతిలో మధ్యవేలి మొదట్లో దిగింది. నొప్పి వెంటనే తెలియలేదు. లోపల తెల్లగా తాడులాంటిది ఒకటి కనిపించింది, చూస్తుండగానే దాన్ని రక్తం కప్పేసింది. చెయ్యి ఎక్కడ కడుక్కుంది? మడిలోనే కడుక్కుంది. మడిలో నీళ్లెక్కడివి? కాలనీల మురుగంతా మోసుకొచ్చే నాలాకి పంపు పెట్టి తోడినవి. ఆ నల్లనీళ్లకే తోటకూర అంత ఏపుగా వస్తుంది. ఆ నీళ్లల్లోనే చెయ్యి ముంచి, చీర చెంగు చింపి బిగించి కట్టుకుని, కోసినంతవరకూ కట్టలు కట్టేసి కానీ లేవలేదు. ఎవరో తరుముతున్నారని కాదు, అలవాటు, అంతే.

పంతొమ్మిది, అని లోపల నుంచి కేక వినిపించింది. ఒక ముసలాయన చేతికర్ర వెతుక్కుంటూ లేచాడు. వరండాలో ఫినాయిలు వాసన, దాని కింద ఇంకేదో కుళ్లు వాసన. ఆ వాసన ఎక్కడినుంచో కాదు, తన కట్టులోంచే వస్తోందని కనకానికి ఇందాకటినుంచీ తెలుసు. పక్కనున్నామె కాస్త అటు జరిగి కూర్చుంది. జరగనీ. సన్యాసిరావుకి తెలియలేదా, లేక తెలిసీ తెలియనట్టు కూర్చున్నాడా? ఆయన ముక్కు మంచిదే, పప్పు అడుగంటితే గేటు దగ్గరనుంచే పసిగడతాడు.

సోమవారం స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకొస్తూ వెనక్కి తిరక్కుండానే చెప్పుకుంటూ వచ్చాడు. చెయ్యెలా ఉందని అడగలేదా అంటే అడిగాడు, అబద్ధమెందుకు, ముందు అడిగింది అదే. ఆ తర్వాతే మిగతాది. పట్టాల పక్క ఖాళీ జాగాలో కూరలు వేసుకోమని రైల్వే వాళ్లు సిబ్బందికి కాగితం రాసిస్తారు, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లే, ఎవరి ముక్క వాళ్లే చేసుకోవాలి, మురుగునీళ్లు పెట్టకూడదు. సన్యాసిరావుది ఒక ముక్క. దాని పక్కది పోలయ్యది, అదే గ్యాంగులో పనిచేసి రాయగఢ్‌కి బదిలీ అయిపోయినవాడు, ఆరేళ్లుగా కాగితంలో అతని పేరు, మట్టిలో కనకం చేతులు. నాలా దగ్గర పంపు ఎవరి కాగితంలోనూ లేదు. మడిలో తెగిందని ఆసుపత్రి పుస్తకంలో పడితే ఏ మడి అంటారు, ఎవరిదంటారు, ఎవడో ఒకడొచ్చి చూస్తాడు, పోలయ్య మెడకి చుట్టుకుంటుంది, అక్కణ్ణుంచి తన మెడకి, రిటైరయ్యే ఏడాది ఎంక్వైరీ పడితే రావాల్సినవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. అందుకని కత్తిపీట అని చెప్పు. స్కూటర్ గుంతలో పడినప్పుడల్లా చెయ్యి జివ్వుమంటుంటే ఆమె ఆ చెయ్యి ఆయన భుజం మీదే పెట్టుకుంది, వేరే ఆనించుకునే చోటు లేక, ఆయన ఖాకీ చొక్కా భుజం తడిసి ఎర్రబడింది. ఇంటికొచ్చాక ఆ చొక్కా నానబెట్టింది కూడా ఆమే, ఒంటి చేత్తో.

భయం ఆయన ఒక్కడిదేనా? అక్కడికొచ్చేసరికే కనకానికి మనసు ముల్లు మీద పడుతుంది. ఆ మడి ఆమెది. కాగితం సంగతి కాగితానిది. మొదట్లో అక్కడ ఏముంది, కంకర. పట్టాల కింద పోసే కంకరే, ఎప్పటెప్పటిదో జారి మట్టిలో కలిసిపోయి. రెండు వేసవులు ఆమె ఒక్కతే కూర్చుని ఏరింది, గోళ్లు అరిగి రక్తం చిమ్మేదాకా, ఒకసారి గాజుపెంకు దిగి బొటనవేలు చీము పట్టేదాకా. ఏరిన చోట మట్టి కనిపిస్తే ఎంత సంతోషపడిందని. ఇరవై రెండేళ్లలో ఆ మట్టి ఆమె చేతుల్ని ఎలా తయారుచేసిందో ఆమెకి నెల నెలా తెలుసు. బెండ కోస్తే దురద, సబ్బు పెట్టినా పోని దురద, గోక్కుంటే తోలు లేచి మంట. వానాకాలమంతా నీళ్లల్లో నాని వేళ్ల సందులు పాసిపోయి తెల్లగా ఊడొచ్చేవి. గోరుచుట్టు ఏడాదికి రెండుసార్లు తప్పదు. కొడవలి పట్టే చోట కాయలు కాసి, కాయల మీద పగుళ్లు పడి, పగుళ్లలో మట్టి ఇంకిపోయి, పెళ్లికి వెళ్లినప్పుడు రాయితో రుద్దినా నల్లగీతలు పోవు. ఇక తిమ్మిరి. నిద్రలో చేతులు రెండూ తనవి కానట్టయిపోయి, లేచి మంచం పక్కన నిలబడి విదిలించుకుని, విదిలించుకుని, రక్తం తిరిగాక మళ్లీ పడుకోవడం. గాజుల చప్పుడుకి తన నిద్ర చెడుతోందని సన్యాసిరావు విసుక్కుంటే గాజులు తీసి దిండు కింద పెట్టుకునేది. ఎందుకు విదిలిస్తున్నావని అడిగిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. అడిగితే మాత్రం ఏం చెప్పేది, ఆడవాళ్లందరికీ ఇంతే అనుకుంది.

ఆయన బొటనవేలి సంగతి అలా కాదు. దానికి పెద్ద కథ ఉంది. పదమూడేళ్ల కిందట పట్టా ఎత్తే జాక్ జారి ఎడమ చేతి బొటనవేలి కొస నలిగిపోయింది, గోరు ఇప్పటికీ సగమే ఉంటుంది. డ్యూటీలో దెబ్బ. ఆ మాటకి రైల్వేలో ఎంత విలువో అప్పుడు తెలిసింది ఆమెకి. కాగితం పుట్టింది, సెలవు పుట్టింది, ఇన్‌స్పెక్టర్ స్వయంగా క్వార్టర్‌కి వచ్చి కుర్చీలో కూర్చుని టీ తాగి వెళ్లాడు, ఆరు నెలలు లైట్ డ్యూటీ ఇచ్చారు, గేటు దగ్గర జెండా పట్టుకోవడం. ఇంటికి ఎవరొచ్చినా ఆ వేలు చూపించి మొదటినుంచీ చెప్పుకొస్తాడు. అచ్ఛా, ఔర్ ఫిర్, ఆ తర్వాతేమైంది, అని వినేవాళ్లు వినేవారు. ఆ కాగితం ఇప్పటికీ పాలిథిన్ కవర్లో పెట్టి రేకు పెట్టెలో అడుగున దాచాడు. దాని పక్కనే గ్లౌజులు. గ్యాంగు వాళ్లకి చేతులకని ఇచ్చే తోలు గ్లౌజులు, ఇచ్చినవి ఇచ్చినట్టు, కుట్టు కూడా విప్పకుండా, పదకొండు జతలు. వేసుకుంటే పట్టు దొరకదంటాడు. జాక్ జారిన రోజు కూడా వేసుకోలేదు. కానీ కాగితంలో వేసుకున్నట్టే రాయించాడు, లేకపోతే తప్పు తనదౌతుందని. అప్పుడు ఆ మాట మీద సాక్షి సంతకం పోలయ్యది. ఎంత చిత్రం, ఆయన ఆడిన అబద్ధానికి కాగితం, సెలవు, కుర్చీలో ఇన్‌స్పెక్టరు, ఆమె ఆడిన అబద్ధానికి ఈ వాసన.

ఒకసారి అడిగింది ఆమె. బెండకాయలు ముమ్మరంగా వచ్చిన ఏడు, రెండు చేతులూ దద్దుర్లెక్కి మంటెత్తిపోతుంటే, ఒక్క జత ఇయ్యి, తోలువి కదా, దురద దిగదు అంది. ఆయన తిట్టలేదు, నవ్వాడు. బెండకాయలు కొయ్యడానికి గ్లౌజులేటే, సూసినోళ్లు నవ్వుతారు, అవి డ్యూటీవి అన్నాడు. ఆ మాట ఆయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు, ఆయన మరిచిపోవడం కనకానికి తిట్టిన దాని కన్నా ఎక్కువ కోపం.

ఇరవై ఒకటి. అంటే ఇరవై ఎప్పుడు వెళ్లిందో తెలియలేదు. జ్వరం వస్తోందేమో, పళ్లు గడగడమంటున్నాయి, ఎదురుగా గోడ మీద చెయ్యి కడుక్కునే పద్ధతి బొమ్మలు వేసి ఉన్నాయి, ఒకటి, రెండు, మూడు, తెల్లటి నున్నటి చేతులు, అరచేతిలో ఒక్క గీత తప్ప ఏం లేదు. వసుంధరగారి చేతులు అలా ఉంటాయి. కుదుదండ్‌లో పెద్ద డాబా ఇల్లు, ఆయన బ్యాంకు మేనేజరు, మన తెలుగువాళ్లే. ఆమెకి వారానికి రెండుసార్లు గోంగూర, తోటకూర, బెండకాయలు గుమ్మం దగ్గరికే తీసుకెళ్లి ఇస్తుంది కనకం. చాలా మంచి మనిషి, కాఫీ ఇస్తుంది, కూర్చోమంటుంది, ఇక్కడివాళ్లు గోంగూరని అమారీ భాజీ అని అమ్మే దానికన్నా నీ గోంగూర పులుపు బాగుంటుంది కనకం అంటుంది. కాఫీ గ్లాసు మాత్రం చేతికివ్వదు, గట్టు మీద పెడుతుంది. కులం చూసి కాదు, ఆ మాట ఆమె మీద వెయ్యకూడదు, ఈ చేతుల్ని చూసి. నీ చేతులకేమైనా రాసుకో కనకం, అని ఒకసారి సగం వాడేసిన క్రీము డబ్బా ఇచ్చింది. ఆ క్రీము రాసుకుని మర్నాడు కొడవలి పడితే పిడి జారింది. డబ్బా ఇంకా కిటికీలో ఉంది.

సోమవారం ఎమర్జెన్సీలో ఉన్న కుర్ర డాక్టరు పాపం బాగానే అడిగాడు. కైసే కటా, ఎలా తెగింది, అన్నాడు. ఘర్ మే, సబ్జీ కాట్‌తే, అని సన్యాసిరావు అందుకున్నాడు. డాక్టరు ఆయన్ని వదిలేసి ఆమె వైపే తిరిగి, క్యోం అమ్మా, అంతేనా, అన్నాడు. హిందీ రాదా ఆమెకి? ముప్పై రెండేళ్లుగా ఈ ఊళ్లో బుధ్‌వారీ బజారులో కూర్చుని బేరాలాడే మనిషికి హిందీ రాకేం. ఒక్క మాట చాలు, ఖేత్ మే, పొలంలో అని. ఆ ఒక్క మాట అనకుండా తల ఊపింది. శుభ్రంగా తెగిన గాయమన్నాడు ఆ పిల్లవాడు, ఐదు కుట్లు వేశాడు, పొందికగా, ముచ్చటేసేలా. సరే, అప్పుడంటే మొగుడు పక్కనే ఉన్నాడు. మరి నిన్న? నిన్న కట్టు మార్చేటప్పుడు సన్యాసిరావు టీకని బయటికి వెళ్లాడు. కట్టు కట్టేవాడు వాపు చూసి మొహం చిట్లించి, మట్టి గానీ తగిలిందా అమ్మా, మట్టి తగిలిన గాయమైతే మందు వేరు, అసలు కుట్టకూడదు, రేపు గురువారం చేతుల డాక్టరమ్మ వస్తుంది, ఉంటే ఆమెకి చెప్పు అన్నాడు. పక్కన ఎవరూ లేరు. నహీ, అంది. ఆ నహీ ఎవరిది? దాన్ని ఏ మొగుడి మీదికి తోస్తావు కనకం? తోటకూర రెండో కోతకి వచ్చింది, బెండ పూత మీద ఉంది, వంగ నాటి నెల, అదంతా కళ్లముందు కనిపించి నోరు దానంతటదే ఆ మాట అనేసింది. ఎవరో వచ్చి కంచె వేసేస్తారు, తను ఏరిన కంకర మళ్లీ పోసేస్తారు. నిన్నంతా ఇదే. ఇవాళ చెయ్యి పైకి, మోచేతి వైపు, ఎర్రగా ఒక గీత బయల్దేరింది. పొద్దున ఆ గీత చూసి చీర చెంగు కప్పుకుంది.

అప్పలనర్సమ్మకి కూడా ఇలాగే గీత వచ్చిందట. లాల్‌ఖదాన్‌లోనే, నాలా అవతల ఉంటుంది, విజయనగరం మనిషి, ఆమె మొగుడూ గ్యాంగులో చేసి పోయాడు. వంకాయలు కోస్తుంటే తొడిమ ముల్లు చూపుడువేలిలో దిగింది. గోరుచుట్టేలే అని నిమ్మకాయకి బెజ్జం పెట్టి వేలికి తొడిగింది, మనవాళ్లందరం చేసేదే, కనకం ఎన్నిసార్లు చెయ్యలేదు, చల్లగా ఉంటుంది, పుండు మెత్తబడి పగిలిపోతుంది. అప్పలనర్సమ్మది గోరుచుట్టు కాదు. నాలుగు రోజులు ఆ నిమ్మకాయ తొడుక్కునే వంకాయలు కోసింది. ఐదో రోజు తీస్తే వేలు నల్లగా ఉంది. ఇప్పుడు ఆమె కుడి చేతికి నాలుగే. కొడవలి ఎడమ చేతికి మార్చుకుంది కానీ ఆగలేదు. ఒకసారి బెండ మడిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఒక మాట అంది, నవ్వుతూనే అంది, ఏలు పోయినా దురద పోనేదే అమ్మా, నేని ఏలు గీరుతాది, ఏడ గోక్కోను అని. ఆ రోజు ఇద్దరూ పడిపడి నవ్వుకున్నారు. ఇవాళ ఆ మాటే గుర్తొస్తోంది. లేని వేలికి దురద. మధ్యవేలు లేకపోతే గుప్పెడు ఎలా పట్టుకోవడం, కాడలు సందులోంచి జారిపోవూ. చూడు, ఇంకా కాడలే తలుస్తున్నావు, చెయ్యి పోతుందంటే కాడలు. ఎవరు చేశారు నిన్నిలాగ. ఎవరూ చెయ్యలేదు, నువ్వే చేసుకున్నావు, వాళ్లు వద్దనలేదు, అంతే.

ఇరవై ఆరు లోపలికి వెళ్లాడు. తర్వాత తనే. సన్యాసిరావు సర్దుకుని కూర్చున్నాడు. చెప్తే మడి పోతుంది, ఆ పద్నాలుగు నెలలు కూడా ఆగకుండా. చెప్పకపోతే వేలు పోతుందో చెయ్యి పోతుందో. చెప్పినా వేలు పోవచ్చు, మూడు రోజులు అయిపోయాయి కదా, అప్పుడు రెండూ పోతాయి. మడి లేకుండా పొద్దున్నే నాలుగున్నరకి లేచి ఏం చేస్తావు? చెయ్యి లేకుండా లేచి మాత్రం ఏం చేస్తావు? ఆయన వైపు చూసింది. చెంపల మీద నెరిసిన గడ్డం, రాత్రి నిద్రపోలేదు ఆయన కూడా, రెండుసార్లు లేచి ఆమె నుదురు తాకి చూశాడు. నుదురు తాకిన చెయ్యి గరుగ్గా ఉంది. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, తిట్టుకుని ఊరుకునేది. కాస్త నీళ్లు తాగుతావేటే అని అడిగాడు. వద్దంది.

లోపల బల్ల వెనక చేతుల డాక్టరమ్మ, రజిని అని బల్ల మీద పేరుంది, నలభై లోపే, సన్నగా, కళ్లజోడు తలమీదికి తోసుకుని. కార్డు మీద పేరు చూసి, తెలుగోళ్లా, అని తెలుగులో అడిగింది. ఆ ఒక్క మాటకి సన్యాసిరావు మొహం ఎలా అయిపోయిందో కనకం చూసింది. హిందీలో అయితే ఆయన చెప్పేవాడు, తను ఊరుకునేది. ఇప్పుడు తెలుగు వచ్చి నడిమధ్యన కూర్చుంది. అయినా అలవాటు కొద్దీ ఆయనే అందుకుని, ఇంట్లో కత్తిపీట మీద కాకరకాయ అంటూ మొదలుపెట్టాడు. డాక్టరమ్మ వింటూ వింటూనే కట్టు విప్పింది. వాసన గదంతా నిండింది. ఆమె మొహం చిట్లించలేదు. మధ్యవేలి కొస పట్టుకుని వెంట్రుకవాసి పైకెత్తింది, కనకం గొంతులోంచి తనకే తెలియని చప్పుడు వచ్చింది. చెంగు పక్కకి తీసి గీత చూసింది. తర్వాత ఎవరూ అనుకోని పని చేసింది. ఆ చెయ్యి గూడ చూపించమ్మా, అంది.

బాగున్న చెయ్యి ఎందుకు చూపించాలో కనకానికి అర్థం కాలేదు. ఇరవై ఏడో నంబరు చీటీ బల్ల మీద పెట్టి చాపింది. డాక్టరమ్మ దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పింది, కాయల మీద బొటనవేలితో రాసింది, పగుళ్లు చూసింది, మణికట్టు మీద రెండు వేళ్లతో తట్టింది, పిడికిలి బిగించమంది, తెరవమంది. చూపుడువేలు తెరుచుకోలేదు. రాత్రి తిమ్మిరెక్కి లేస్తవా, చెయ్యి దులుపుకుంటవా, అని అడిగింది. ఔనమ్మా, అంది కనకం, ఇన్నేళ్లకి ఆ మాట అడిగినవాళ్లు ఈవిడే. అంతసేపు ఎవరూ తన చెయ్యి పట్టుకుని చూడలేదనీ తోచింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దానికి సిగ్గేసింది.

"ఇంట్ల వంట చేసే చేతులు కావివి," అంది డాక్టరమ్మ. "మా అమ్మ మిరపతోటల పనికి పోయేది. నాకు ఎరుకే." సన్యాసిరావు నోరు తెరవబోతే అటు చూడకుండానే, "మీరు ఆగుండ్రి, ఆమెను చెప్పనియ్యుండ్రి," అంది.

కిటికీ అవతల ఎక్కడో ఇంజను కూసింది. కనకం బల్ల మీది చీటీ వైపు చూస్తూ చెప్పింది. "కొడవలమ్మా. మడిలో తెగింది. మురుగునీళ్లల్లో కడిగేసినాను. ఎవులికీ సెప్పనేదు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే కాస్త తేలికయ్యేది. పొలంలో తెగిన గాయాన్ని మొదటిరోజు కుట్టకూడదని, కడిగి కడిగి తెరిచి వదిలెయ్యాలని, ఆ మట్టినీ మురుగునీ లోపల పెట్టి మూటకట్టినట్టు కుట్టేశారని, వేలిని ముడిచే నరం పక్కనే చీము లోపలికి పాకిపోయిందని మెల్లగా చెప్పింది. సోమవారం నాడు ఈ మాట చెప్పి ఉంటే అని ఆగింది. ఇప్పుడే తెరవాలి, సాయంత్రం దాకా కూడా ఆగకూడదు, తెరిచాక గానీ వేలు ఉంచగలమో లేదో తెలియదు, ఆగితే చెయ్యే పోతుంది. ఇదంతా చెప్తూనే కాగితం మీద రాసింది, రాసి సన్యాసిరావు ముందుకు తోసింది, చదివి చెప్పమని, ఒప్పుకున్నట్టు సంతకం కావాలని.

ఆయన హిందీ కూడబలుక్కుని చదువుతాడు. వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటే చదివాడు, ఆ సగం గోరున్న వేలే. ఖేత్ మే కామ్ కర్‌తే సమయ్, పొలంలో పని చేస్తుండగా, అనే దగ్గర ఆ వేలు ఆగిపోయింది. తర్వాత తలెత్తి, ఆఫీసర్ని సెలవు అడిగేటప్పుడు పెట్టే గొంతు పెట్టి అడిగాడు.

"మేడమ్, మందు మడిదానికే వెయ్యండి. కాగితంలో మటుకు కత్తిపీట అని రాయండి."

కనకానికి కోపం రాలేదు. వస్తుందనే అనుకుంది, రాలేదు. ఆయన దుర్మార్గంగా అడగలేదు. అదే నిజమైన బాధ. వేలు ఉండాలి, మడి ఉండాలి, రిటైర్మెంటు ఉండాలి, అన్నీ ఉండాలని పాపం పొదుపుగా, మర్యాదగా అడిగాడు, కూరల బేరంలో కొసరు అడిగినట్టు. డాక్టరమ్మ కనకం వైపు చూసింది.

"నాను పెట్టొచ్చా సంతకం?" అంది కనకం.

"నీ చెయ్యి. నువ్వే పెట్టాలె."

కాగితం తన వైపు లాక్కుంది. ఆమెకి వచ్చిన అక్షరాలు తక్కువే, పేరు రాయడం వచ్చు, తెలుగులో మూడక్షరాలు. కలం గట్టిగా పట్టుకుని, క, న, కం, నెమ్మదిగా, ఎక్కడా వంకర పోకుండా రాసింది. రాశాక కలం వదలబోతే రాలేదు. చూపుడువేలు దాని చుట్టూ మడతపడిపోయింది. విప్పుకుందామంటే రెండో చెయ్యి గాలిలో ఉంది. అలా కలం పట్టుకుని కూర్చుండిపోయింది, ఇంకా ఏదో రాయాల్సి ఉన్నట్టు. సన్యాసిరావు కాసేపు చూసి, అర్థం కాక, ఆ తర్వాత అర్థమై, చెయ్యి చాపి ఆమె వేలు పట్టుకుని లాగాడు. టక్కుమంది. ఆయన ఉలిక్కిపడ్డాడు. రెండేళ్లుగా పక్కలో ఉన్న చప్పుడే, వినడం ఇదే మొదలు. ఇదేటే, అన్నాడు.

నర్సు వచ్చి లేవమంది, కుడి చేతి గాజులు కూడా తీసెయ్యాలంది. కనకం లేచి, గాజులు ఒక్కొక్కటే నర్సు చేత తీయించుకుని ఆయన చేతిలో పెట్టించింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"బెండకాయలు రేపటికి ముదిరిపోతాయి, ఈ పూటే దిగి కోసీ," అంది. "సేతులు దురదెత్తిపోతాయి. పెట్టెలో నీ డ్యూటీ గ్లౌజులు ఉన్నాయి, తొడుక్కో. పదకొండు జతలూ ఉన్నాయి. నాను ఒక్కటీ ముట్టుకోనేదు."